పోట్లాడటం నేర్పండి, సెన్సే

మొన్న ఆదివారం బిషాన్‌లోని మా ఫ్లాట్‌కి సింధు అని ఒక అమ్మాయి వచ్చింది. వరంగల్ పిల్ల. ఇక్కడి యూనివర్సిటీలో చదువు ముగించి, జపాన్ నుంచి వచ్చినవాళ్లకి ఇంగ్లిష్ నేర్పే స్కూల్లో ఉద్యోగం సంపాదించుకుంది. వచ్చే వారం చేరాలట. చేతిలో స్వీట్ల డబ్బా, ముఖంలో బెరుకు.

“ఆంటీ, మీరు చాన ఏండ్లు ఇదే పని చేసిన్రంట గదా. వాళ్లకు ఏ బుక్కు చెప్తే మంచిగుంటది?” అని అడిగింది.

పుస్తకం పేరు చెప్పి పంపించడం నిమిషం పని. కానీ రిటైరైన మనిషిని ఇలాంటి ప్రశ్న అడగడం ఎంత ప్రమాదమో పాపం ఆ పిల్లకి తెలియదు. పెట్టిన కాఫీ చల్లారింది, మళ్లీ పెట్టిన కాఫీ కూడా చల్లారింది. తీరా ఆమె వెళ్లాక చూసుకుంటే అసలు చెప్పాల్సింది చెప్పనే లేదనిపించింది. అందుకే రాస్తున్నాను. సింధుకనే కాదు, ఈ పనిలోకి వచ్చే ఎవరికైనా పనికొస్తుంది. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఏ సర్టిఫికెట్లు ఇచ్చారు లాంటివి ఇందులో ఉండవు. వాటి గురించి మా ఆయనకే ఆసక్తి లేదు, మీకేం ఉంటుంది?

ఒక్క మాట. ఇందులోని మనుషులు నాతో మాట్లాడిందంతా ఇంగ్లిష్‌లోనే, తలా ఒక రకం ఇంగ్లిష్‌లో. నేను తెలుగు చేసి రాస్తున్నాను. తెలుగులోకి రానని మొరాయించిన మాటల్ని అలాగే వదిలేశాను.

వెల్లుల్లి వాసన వచ్చే క్లాస్‌రూమ్

మాది తెనాలి. ఇంగ్లిష్ ఎమ్మే చేసి గుంటూరులో ఒక కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. మా ఆయనకి ఈ ఊళ్లోని జురాంగ్‌లో ఉద్యోగం రావడంతో నేనూ దేశం దాటి వచ్చాను. ఇక్కడి కాలేజీలు నా ఎమ్మేని చూసి ముఖం చిట్లించాయి. ఒక భాషల స్కూల్ మాత్రం రమ్మంది. ఒక పాత షాపింగ్ కాంప్లెక్స్ పై అంతస్తులో నాలుగు గదులు, అదీ స్కూల్. నాకిచ్చిన గది కిటికీ కింద ఫుడ్ కోర్టు పొగగొట్టం ఉండేది. పదకొండయ్యేసరికి వెల్లుల్లి వేయించిన ఘాటు గదంతా కమ్మేసేది. ఇప్పుడా కాంప్లెక్స్ కొట్టేసి ఏదో అద్దాల మేడ కట్టారు. దాని ముందు నుంచి బస్సులో వెళ్లినప్పుడల్లా నాకు ఆకలేస్తుంది.

మా ప్రిన్సిపాల్ మిస్ గో, ఇక్కడి చైనా మనిషి. పెళ్లి చేసుకోలేదు. సన్నగా, నిటారుగా ఉండేది, నవ్వడం సెలవు రోజుల్లో చేసేదేమో నేను చూడలేదు. ఆవిడవి రెండే సూత్రాలు. పుస్తకంలో ఉన్నది పుస్తకంలో ఉన్నట్టు చెప్పాలి. స్టూడెంట్ల ఇంటి విషయాల్లో తల దూర్చకూడదు. చేరిన రోజే నన్ను కూర్చోబెట్టి, “ఇండియన్ టీచర్లు చాలా మంచివాళ్లు. కానీ పాఠం చెప్పమంటే పెళ్లి సంబంధం దాకా వెళ్లిపోతారు,” అంది. నాకు ఒళ్లు మండింది గానీ ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

నా దగ్గరకి వచ్చేవాళ్లలో సగం మంది జపాన్ కంపెనీల ఇంజినీర్లు, మేనేజర్లు. మిగతా సగం వాళ్ల భార్యలు. రాజ్యలక్ష్మి అనే పేరు వాళ్ల నోటికి పట్టలేదు. రాజీ సెన్సే అయిపోయాను. సెన్సే అంటే పంతులమ్మ అన్నమాట. ఆ పిలుపులో ఎంత మన్నన ఉండేదంటే, సాయంత్రం ఇంటికొచ్చాక మా ఆయన “ఏమే, టీ పెడతావా” అంటే ఎవరినో పిలుస్తున్నాడనుకునేదాన్ని.

గుర్రం లేదు అంకుల్

నేర్చుకునేవాళ్లలో శ్రద్ధ లేనివాళ్లు ఉంటారు, శ్రద్ధ ఎక్కువైనవాళ్లు ఉంటారు. రెండోవాళ్లతోనే కష్టం. మోరిటా గారు రెండో రకం. బూన్ లే దగ్గర ఫ్యాక్టరీలో పెద్ద ఇంజినీరు. టోక్యోలో కొన్న ఇంగ్లిష్ జాతీయాల పుస్తకాన్ని రోజుకొకటి చొప్పున కంఠతా పట్టేవాడు. బాగా ఆకలేస్తే ఇంగ్లిష్‌వాళ్లు ‘గుర్రాన్నైనా తినేస్తాను’ అంటారని అందులో ఉంది. ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో వడ్డించే ఆవిడ ముందు నిలబడి, ఛాతీ విరుచుకుని ఆ వాక్యం అప్పజెప్పాడు.

ఆవిడ గరిటె పట్టుకుని, “గుర్రం లేదు అంకుల్. చికెన్ ఉంది,” అంది.

ఆయన నవ్వలేదు. క్లాసుకొచ్చి, తన ఉచ్చారణలో లోపం ఎక్కడుందో చెప్పమని అడిగాడు. లోపం ఆయనలో లేదు. నేను అప్పటిదాకా వాళ్లకి నేర్పుతున్నది కూడా అలాంటి పుస్తకాల్లోంచే. ఆ మాటలు ఎక్కడో ఎవరో అంటారు కాబోలు, ఈ ఊళ్లో ఎవరూ అనగా నేను వినలేదు. మరుసటి వారం ఆయన్ని కింద హాకర్ సెంటర్‌కి, అంటే చవక తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే చోటికి, తీసుకెళ్లాను. బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పడేస్తే ఆ చోటు మనదైనట్టే, దాన్ని ‘చోప్’ చేయడం అంటారని చూపించాను. ‘మకాన్ ఆల్రెడీ?’ అని ఎవరైనా అడిగితే అది మన ‘భోంచేశారా’ లాంటి పలకరింపనీ, తిన్న పదార్థాలన్నీ వరసగా చెప్పక్కర్లేదనీ చెప్పాను. అప్పటిదాకా ఆయన వరసగా చెబుతున్నాడట, చారుతో సహా.

ఆ గంటలో ఆయన నేర్చుకున్నంత నేను మూడు నెలల్లో నేర్పలేదు. ముదురు ఎరుపు ట్రేలో అన్నం పెట్టుకుని, “సెన్సే, ఇదే క్లాస్‌రూమ్ అయితే బాగుండు,” అన్నాడు. నాకూ అలాగే అనిపించింది.

కొత్తగా వచ్చేవాళ్లకి నా మొదటి సలహా ఇదే. ముందు మీరు ఈ ఊరి మాట వినండి. బస్సులో, లిఫ్టులో, కూరగాయల కొట్లో చెవులు తెరిచి ఉంచండి. పుస్తకం ఎక్కడికీ పోదు.

నోట్లో నాలుక లేని పిల్ల

ఇక యుమికో సంగతి. నిజానికి ఇదంతా రాయడానికి కూర్చున్నది ఆ అమ్మాయి కోసమే.

మిగతా భార్యల్లా కంపెనీ మనిషి వెంట వచ్చింది కాదు. ఇక్కడి చైనా అబ్బాయి వెయ్ మింగ్‌ని ప్రేమించి పెళ్లాడింది. అతను జపాన్‌లోని నీగాటాలో చదువుకునేటప్పుడు పరిచయం. పుంగ్గోల్‌లో కొత్తగా కట్టిన ఫ్లాట్‌లో మొగుడు, ఏడాదిన్నర బాబు, అత్తగారు, ఈమె. అత్తగారు హాకర్ సెంటర్‌లో చేపముద్దల నూడుల్స్ దుకాణం నడిపి నడిపి, మోకాళ్లు అరిగాక మానుకుంది. అత్తకి జపనీస్ రాదు, కోడలికి చైనా భాష రాదు. ఇద్దరికీ మధ్య ఉన్నది ఇంగ్లిష్. అది ఇద్దరిదీ కాదు.

యుమికోకి వ్యాకరణం నాకంటే బాగా వచ్చు. కానీ నోట్లో నాలుక లేదు. కుర్చీలో అంచున కూర్చునేది. నేను పొరపాటున ఆమె పుస్తకం కింద పడేస్తే తనే సారీ చెప్పేది.

ఒక రోజు అందరూ వెళ్లిపోయాక నిలబడిపోయింది. “సెన్సే, ఒక కోరిక. మంచి కోరిక కాదు,” అంది.

“చెప్పమ్మా.”

“పోట్లాడటం నేర్పండి.”

నేను ఫక్కున నవ్వాను. ఆమె నవ్వలేదు. బ్యాగు పట్టీని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నిలబడింది.

కూర్చోబెట్టి అడిగితే చెప్పింది. జపాన్‌లో తవుడుతో ఒక ఊరగాయ కుండ పెడతారట. బియ్యపు తవుడులో ఉప్పూ నీళ్లూ కలిపి, అందులో దోసకాయలూ ముల్లంగీ పూడ్చిపెడతారు. రోజూ చెయ్యి పెట్టి అడుగు నుంచి కలియదిప్పాలి, లేకపోతే పాడవుతుంది. మనం పెరుగు తోడు తీసుకెళ్లినట్టు, పుట్టింటి కుండలోంచి గుప్పెడు తవుడు తెచ్చుకుని యుమికో ఇక్కడ కుండ పెట్టుకుంది. ఆ తవుడు వాళ్ల అమ్మమ్మ నాటిదట. ఒక రోజు బాబుని డాక్టరుకి చూపించి వచ్చేసరికి కుండ ఖాళీగా, తళతళా మెరుస్తూ బోర్లించి ఉంది. ఏదో కుళ్లిందనుకుని అత్తగారు తవుడంతా చెత్త కిందికి జారిపోయే గొట్టంలో పారబోసి, కుండ తోమిపెట్టింది.

 మా అమ్మ పెట్టిన ఆవకాయ జాడీని ఎవరైనా వాసనొస్తోందని పారబోసి ఉంటే ఆ ఇంట్లో ఏం జరిగి ఉండేదో ఊహించుకున్నాను.

“నువ్వేమన్నావు?”

“శుభ్రం చేసినందుకు చాలా థాంక్యూ, మదర్, అన్నాను.”

“అదేంటి!”

“నాకు చాలా కోపం వచ్చింది సెన్సే. అందుకే వంగి మరీ చెప్పాను.”

అర్థం కావడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు. మా అమ్మకి కోపమొస్తే, “రాజ్యలక్ష్మి గారూ, తమరు భోజనానికి దయచేస్తారా?” అనేది. ఆ ‘గారు’ వినపడగానే ఇంట్లో అందరం ఎక్కడివాళ్లం అక్కడ సర్దుకునేవాళ్లం. యుమికోదీ అదే కోపం, అదే మర్యాద. తేడా ఏమిటంటే మా అమ్మ మర్యాద వెనక ఏముందో ఇంటిల్లిపాదికీ తెలుసు. ఇక్కడ కోడలు వంగిన కొద్దీ అత్తగారు మురిసిపోయి, “గుడ్ గర్ల్,” అని తల నిమిరిందట.

“మీ ఆయనకి చెప్పలేదా?”

“చెప్పాను. ‘అమ్మ అంతే లా, పట్టించుకోకు’ అన్నాడు.” ఆ ‘లా’ ఇక్కడివాళ్లు మాట చివర తగిలించేది, మన ‘లే’ లాంటిది.

బల్ల వైపు చూస్తూ మిగతాది చెప్పింది. “డిసెంబర్‌లో బాబుని తీసుకుని మా అమ్మ దగ్గరకి వెళ్తున్నాను. రిటర్న్ టికెట్ ఉంది. వాడతానో లేదో తెలియదు. ఈ ఇంట్లో నేను మనిషిని కాదు సెన్సే, అతిథిని. ఒక్కసారి నోరు తెరిచి నాకేం కావాలో చెప్పగలిగితే ఉంటాను. చెప్పలేకపోతే ఉండలేను.”

ఇది మొగుడికి తెలియదు, అత్తకి తెలియదు. నాకు మాత్రమే తెలుసు. ఇలాంటివి ఈ పనిలో తప్పవు. పరాయి భాషలో మనసు విప్పడం సొంత భాషలో కంటే కొందరికి తేలిక. వాళ్లు చెప్పింది మోయడం మనకి తేలిక కాదు. భర్తకి ఫోన్ చేసి చెప్పేయాలని ఆ రాత్రి చాలాసార్లు అనిపించింది. చెయ్యలేదు. నన్ను అడిగింది పాఠం. పాఠమే చెప్పాలనుకున్నాను.

ఇది ఏ చాప్టర్?

మర్నాటి నుంచి క్లాసయ్యాక అరగంట పోట్లాట. నేను అత్తగారిని. కుర్చీలో కాళ్లు బారజాపి కూర్చుని, “ఛీ, ఏంటీ కంపు! పారేశాను!” అనేదాన్ని. యుమికో ఊపిరి బిగబట్టి, పిడికిళ్లు బిగించి, తీరా నోరు తెరిచి, “అయామ్ సారీ, బట్...” అనేది.

“సారీ వద్దు. తప్పు నీదా?”

“కాదు. సారీ.”

ఇలా లాభం లేదని నేనే కోడలినయ్యాను, తనని అత్తగా కూర్చోబెట్టాను. పోట్లాట అంటే ఏమిటో చూపిద్దామని మొదలుపెట్టాను. కుండ దగ్గర మొదలెట్టి, అక్కడి నుంచి పురిటి రోజుల్లో పెట్టిన చప్పిడి తిండికి వెళ్లి, పెళ్లిలో సరిగా పలకరించని మేనమామ దాకా వెళ్లాను. తెనాలి ఆడదాన్ని, గొంతు నాకు దేవుడిచ్చిన ఆస్తి. చేతులు తిప్పుతూ, వేలు చూపిస్తూ మంచి ఊపులో ఉండగా తలుపు తెరుచుకుంది.

మిస్ గో నిలబడి ఉంది.

“రాజీ, ఇది ఏ చాప్టర్?”

చూపిస్తున్న వేలు దించేశాను. యుమికో లేచి నడుం విరిగేలా వంగి, “మేడమ్, సారీ. సెన్సే నాకు మా అత్తగారితో పోట్లాడటం నేర్పుతున్నారు,” అంది. అబద్ధం చెప్పడం కూడా రాని పిల్ల. ఉద్యోగం పోయినట్టేనని నేను మనసులో సామాను సర్దుకోవడం మొదలుపెట్టాను.

మిస్ గో లోపలికొచ్చి తలుపు వేసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

“నీ పోట్లాట మరీ ఇండియన్, రాజీ,” అంది. “చాలా పొడుగు. మా వైపు అత్తగారు అంతసేపు వినదు. మధ్యలో లేచి వంటింట్లోకి పోయి కుళాయి తిప్పుకుంటుంది. పొట్టిగా ఉండాలి.” యుమికో వైపు తిరిగింది. “ఇది నాది. నువ్వు నన్ను అడగలేదు. నాకు కోపమొచ్చింది. అంతే. అను.”

“ఇది నాది,” అంది యుమికో, దోమ పాడినట్టు.

“నాకు వినపడలేదు.”

“ఇది నాది!”

“కింద నూడుల్స్ అమ్మేవాడికి వినపడలేదు.”

ఆ సాయంత్రం కింద నూడుల్స్ అమ్మేవాడికి కచ్చితంగా వినపడింది. మిస్ గో వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది. “ఇంకో ముఖ్యమైన సంగతి. అరిచాక మూతి ముడుచుకుని గదిలోకి పోవద్దు. ‘అమ్మా’ అన్నట్టు, ‘మా, తినడానికి రా’ అని పిలువు. మా అమ్మా, మా వదినా రోజూ పోట్లాడుకునేవాళ్లు. రోజూ వదిన పిలిచేది. పిలవని రోజున మా అమ్మ జబ్బు పడినట్టు అయిపోయేది.” ఆ తర్వాత, ఎప్పటి గొంతుతో, “లైట్లు ఆపి వెళ్లండి,” అంది.

ఆ బిల్డింగులో అన్నేళ్లు పనిచేసినందుకు నాకు దక్కిన గొప్ప పాఠం అది. మీ బాస్ పెట్టిన సూత్రాలు చూసి ఆ మనిషిని అంచనా వేయకండి. సూత్రం పెట్టేవాళ్లలో కొందరు, దాన్ని ఎప్పుడు పక్కన పెట్టాలో తెలిసినవాళ్లు కూడా అయి ఉంటారు. మిస్ గో పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఆవిడ ఉంటే వెళ్లి కాసేపు కూర్చునేదాన్ని.

అనుకున్నట్టు జరగలేదు

డిసెంబర్ మొదట్లో యుమికో పోట్లాడింది. జపాన్ సరుకుల కొట్లో తవుడు కొని, పాత తోడు లేకపోయినా మళ్లీ కుండ పెట్టుకుంది. అత్తగారు వాసన చూడటానికి మూత మీద చెయ్యి వేసిందట.

“ముట్టుకోవద్దు! ఇది నాది! నువ్వు నన్ను అడగలేదు!”

పక్క ఫ్లాట్ తలుపు తెరుచుకుందట. బాబు ఆడుకుంటున్న కారు వదిలేసి ఏడుపు లంకించుకున్నాడట. అత్తగారు చెయ్యి వెనక్కి తీసుకుని, కోడలి ముఖంలోకి అలా చూస్తూ ఉండిపోయిందట.

“తర్వాత? తినడానికి పిలిచావా?” అని ఆత్రంగా అడిగాను.

తల అడ్డంగా ఊపింది. “భయమేసింది సెన్సే. గదిలోకి పరిగెత్తాను. ఏడ్చాను. బయటికొచ్చి మూడుసార్లు క్షమాపణ చెప్పాను. మదర్ ఏమీ అనలేదు. అప్పటి నుంచి ఏమీ అనడం లేదు. టీవీ కూడా పెట్టడం లేదు.”

ఉలుకూ పలుకూ లేని ఆ ఇంట్లోంచే పై వారం బాబుని ఎత్తుకుని విమానం ఎక్కింది. వెళ్లేముందు స్కూల్‌కి వచ్చి నాకూ మిస్ గోకీ చెరొక చిన్న కేకు డబ్బా ఇచ్చింది. “చాలా చాలా థాంక్యూ,” అని వంగింది.  అది ఏ రకం థాంక్యూనో నాకు తెలియలేదు.

ఆ సెలవులంతా నాకు మనశ్శాంతి లేదు. మా ఆయన ఏదో చెబుతుంటే వినేదాన్ని కాదు. నేర్పినది మంచా చెడా? నోరు లేని పిల్లగా ఉన్నా ఎలాగో కాపురం చేసుకునేదేమో. నేను నోరిచ్చి పంపాను, అది సగంలో ఆగిపోయింది. జనవరిలో క్లాసులు మొదలయ్యాయి. యుమికో కుర్చీ ఖాళీగానే ఉంది. తిరిగి రావలసిన రోజు కూడా దాటిపోయింది. అటెండెన్స్ పిలిచేటప్పుడు ఆ పేరు దగ్గర నా గొంతు తగ్గేది.

మెత్తగా అడగడం

ఒక మధ్యాహ్నం వెల్లుల్లి వాసనతో పాటే ఒక పెద్దావిడ గదిలోకొచ్చింది. పొట్టి మనిషి, పూల చొక్కా, దుకాణంలో పెద్ద పెద్ద గిన్నెలు ఎత్తి బలిసిన చేతులు. మోకాలు పట్టుకుని మెల్లగా కుర్చీలో కూలబడింది.

“నువ్వేనా రాజీ సెన్సే? మా కోడలికి నన్ను తిట్టడం నేర్పింది నువ్వేనా?”

ఎవరో అర్థమైంది.  “నేనే, ఆంటీ,” అన్నాను.

“సరిగ్గా నేర్పలేదు,” అంది. “తిట్టి మళ్లీ సారీ చెప్పింది. అలా తిడతారా ఎవరైనా? తిట్టాక తిట్టినట్టు ఉండాలి.”

నేను మంచినీళ్లు ఇచ్చాను. సగం తాగి, గ్లాసు ఒళ్లో పెట్టుకుంది. ఇప్పుడు గొంతు మారింది.

“దుకాణంలో కస్టమర్లతో నేను ఎలా మాట్లాడేదాన్నో తెలుసా? థాంక్యూ, సారీ, ప్లీజ్ వెయిట్. ఇంట్లో వాళ్లతోనే కదా అరుస్తాం. ఆ పిల్ల వచ్చినప్పటి నుంచీ నాతో థాంక్యూ, సారీ, ప్లీజ్. నేనేం కస్టమర్నా? నేనంటే ఇష్టం లేదేమో, అందుకే దూరంగా ఉంచుతోందేమో అనుకునేదాన్ని. ఆ రోజు ముట్టుకోవద్దు అని అరిచింది చూడు. నాకు నవ్వొచ్చింది. అమ్మయ్య, ఇప్పుడు ఇంటి మనిషైంది అనుకున్నాను. ఇంతలో వచ్చి మూడుసార్లు సారీ చెప్పింది. మళ్లీ కస్టమర్ని చేసింది. నాకు బాధేసి మాట్లాడలేదు.”

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు. మూడేళ్లుగా ఒకే వంటింట్లో ఇద్దరాడవాళ్లు, ఒకరి మర్యాదకి ఒకరు బాధపడుతూ బతికారు.

“టికెట్ మార్చుకుందట. వాళ్లమ్మకి ఒంట్లో బాలేదని చెప్పింది. మా వాడు నమ్మాడు. నేను నమ్మలేదు.” నా ముఖంలోకి సూటిగా చూసింది. “వస్తుందా, రాదా? నీకు చెప్పే ఉంటుంది.”

చెప్పింది. కానీ అది యుమికో మాట. నేను ఇచ్చేయడానికి నాది కాదు.

“నాకు తెలియదు ఆంటీ. మీరే అడగండి.”

“ఎలా అడగను? నేను ఏది అడిగినా తిట్టినట్టే ఉంటుంది. ‘అమ్మా, నువ్వు ఫోన్ చేయకు, చెడగొడతావు’ అన్నాడు మా వాడు. అందుకే వచ్చాను. కోడలికి తిట్టడం నేర్పావు కదా. నాకు మెత్తగా అడగడం నేర్పు.”

నా సర్వీసులో అంత వయసు స్టూడెంట్ ఆవిడొక్కతే. క్లాసుకి ఇంకా గంట టైముంది. పుస్తకాల్లో ఉండే ‘ఐ మిస్ యూ’ అనిపించబోతే తల అడ్డంగా ఊపింది. “అలాంటి మాట మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ అనలేదు. నోరు తిరగదు.” నిజమే. మా ఇంట్లో మాత్రం ఎవరన్నారు? మా నాన్న నన్ను చూడాలనిపిస్తే ‘ఎప్పుడొస్తున్నావ్, మామిడికాయలు అయిపోతున్నాయి’ అనేవాడు. చివరికి ఒక చిన్న వాక్యం దగ్గర కుదిరాం. ‘యుమికో, నీకోసం ఎదురుచూస్తున్నాం.’ నెమ్మదిగా, గొంతు దించి. పదిసార్లు అనిపించాను. పదోసారికి నా ఒళ్లు గగుర్పొడిచేంత మెత్తగా వచ్చింది.

“ఇప్పుడే చేస్తాను. ఇంటికెళ్లేలోగా మర్చిపోతాను,” అంది.

వీడియో కాల్ చేసింది. ఫోన్ బల్ల మీద నా పుస్తకాలకి ఆనించి నిలబెట్టాం. నేను పక్కకి జరిగాను. తెర మీద యుమికో వచ్చింది. వెనక కిటికీ అవతల మంచు పడుతోంది. ఒళ్లో బాబు మందపాటి స్వెట్టర్‌లో ఉన్నాడు. నానమ్మని చూడగానే, “ఆమా! ఆమా!” అని తెరని కొట్టాడు.

ఆవిడ నోరు తెరిచింది. పెదవులు కదిలాయి. నేను నేర్పిన వాక్యం గొంతు దాకా వచ్చి ఆగిపోవడం నాకు కనపడింది. ఆ వెంటనే గది దద్దరిల్లింది.

“ఏయ్! ఎప్పుడొస్తావ్? బాబు పాలపొడి ఇంటి నిండా కొని పెట్టాను! అన్నీ పాడైపోతున్నాయి! ఎవరు తాగుతారు, నేనా?”

నేను కళ్లు మూసుకున్నాను. అయిపోయింది, అనుకున్నాను.

 కళ్లు తెరిచి చూస్తే యుమికో తల మెల్లగా కిందికి వంగుతోంది. ఎప్పటిలాగే సారీ వస్తుందని కాచుకున్నాను. తల సగంలో ఆగింది. పైకి లేచింది. ముఖం ఎర్రబడింది.

“ఎవరు కొనమన్నారు మా, అన్ని డబ్బాలు?” అని అరిచింది. అంత దూరం నుంచి, ఆ చిన్న ఫోన్‌లోంచి వచ్చిన గొంతుకి బాబు కూడా ఉలిక్కిపడి తల్లి వైపు చూశాడు. “వాడు ఇప్పుడు అన్నం తింటున్నాడు! శనివారం వస్తున్నాను. నేను వచ్చేదాకా ఇంకేమీ కొనకు, లా!”

ఈసారి సారీ చెప్పలేదు. నేను ఎదురుచూశాను, చెప్పలేదు.

“సరే, సరే! అరవకు!” అని అరిచి ఆవిడ ఫోన్ పెట్టేసింది.

 గుమ్మంలో మిస్ గో ఎప్పుడొచ్చి నిలబడిందో తెలియదు. పెద్దావిడ చొక్కా చేతితో కళ్లు తుడుచుకుని, మా ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసింది.

“విన్నారా, ఎలా అరిచిందో!” అంది. “ఇంత పెద్దదాన్ని పట్టుకుని, మీ ఇద్దరి ముందూ! నా కోడలు.”